సర్వర్ రూమ్‌లో ఐపీ కేవీఎం స్విచ్, రౌటర్‌లో దానికి పోర్ట్ తెరిచి ఉంది. ఇంటి నుంచి వాడాలంటే సరైన పద్ధతి ఏంటి?

తెనాలి_సిస్టమ్స్:

అందరికీ నమస్తే. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. ఐటీ అంటే నేనూ ఇంకో అబ్బాయీ, అంతే. ఒకటిన్నర ర్యాక్, 11 సర్వర్లు, అన్నిటికీ కలిపి 16 పోర్టుల ఐపీ కేవీఎం స్విచ్ ఒకటి, అంటే అన్ని సర్వర్ల స్క్రీన్, కీబోర్డ్‌లని ఒకే చోట నుంచి, నెట్‌వర్క్ మీద కూడా, వాడుకునే పెట్టె. నాకంటే ముందు పనిచేసిన ఆయన పెట్టి వెళ్లారు.

మొన్న మంగళవారం రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయింది. ఒంటిగంటకి కరెంటు వచ్చాక పది సర్వర్లు లేచాయి, బిల్లింగ్ డేటాబేస్ ఉన్నది మాత్రం లేవలేదు. తెల్లారి ఐదింటికల్లా లారీలు వచ్చేస్తాయి, గేట్ పాస్ ఇవ్వాలంటే అదే కావాలి. టెన్షన్ పడుతూ తెనాలి నుంచి బండి మీద వెళ్లి చూస్తే, స్క్రీన్ మీద రైడ్ కార్డు (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) బ్యాటరీ పోయిందని ఒక లైను, దాని కింద కొనసాగించాలంటే ఎఫ్1 నొక్కమని ఇంకో లైను. నొక్కాను, రెండు నిమిషాల్లో డేటాబేస్ లేచింది. ఆ ఒక్క కీ కోసం ఆ రాత్రి అంత దూరం వెళ్లొచ్చాను.

పొద్దున మా సార్‌కి చెబితే, "పాతాయన ఇంట్లోంచే చూసేవాడు కదా, నువ్వూ అలాగే చూడు" అన్నారు. ఎలా చూసేవారో తెలుసుకుందామని రౌటర్ తెరిస్తే ఇంటర్నెట్ నుంచి 8443 పోర్ట్‌కి వచ్చేదాన్ని నేరుగా కేవీఎం వెబ్ పేజీ ఉండే 443 పోర్ట్‌కి పంపించారు (పోర్ట్ ఫార్వర్డ్). నేను చేరి ఏడు నెలలైంది, అంటే కనీసం ఏడు నెలలుగా అది ఇంటర్నెట్‌కి తెరిచే ఉంది. కేవీఎం లాగ్ చూస్తే అడ్మిన్, రూట్, యూజర్ అనే పేర్లతో ఎక్కడెక్కడి ఐపీల నుంచో వరసగా లాగిన్ ప్రయత్నాలు. వాటి మధ్యలో లాగిన్ సక్సెస్ అని నాలుగైదు ఉన్నాయి. అవి పాతాయనవో ఇంకెవరివో చెప్పలేకపోతున్నాను, ఎందుకంటే లాగ్‌లో తేదీలన్నీ 2000 జనవరి 1, జనవరి 2 అనే ఉన్నాయి. గడియారం ఎవరూ సెట్ చేయలేదు, పెట్టె రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ అక్కడి నుంచే లెక్క మొదలవుతోంది.

కేవీఎంకి చివరిగా వచ్చిన ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) 2014ది. స్క్రీన్ తెరవాలంటే జావా ఆప్లెట్ కావాలి, అందుకోసం ఒక పాత విండోస్ 7 ల్యాప్‌టాప్‌ని పక్కన పెట్టుకున్నాం. నా ప్రశ్న ఏంటంటే, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, 8443 బదులు ఎవరూ ఊహించని పోర్ట్ నంబర్ పెడితే సరిపోతుందా? కొత్తది కొనమంటే ఈ సీజన్‌లో బడ్జెట్ వస్తుందన్న నమ్మకం లేదు.

ర్యాక్‌రూమ్_వాణి:

తమ్ముడూ, ఇది చదవడం ఆపి ముందు ఆ పోర్ట్ ఫార్వర్డ్ తీసేసి రా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

తీసేశావు అనుకుని చెబుతున్నాను. హైదరాబాద్‌లో డేటా సెంటర్ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, ఐపీ కేవీఎం అంటే మామూలు వెబ్ పేజీ అనుకునే వాళ్లని చాలామందిని చూశాను. అది సర్వర్ రూమ్ తాళంచెవి. దాంట్లోకి వచ్చినవాడు నీ ర్యాక్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. బయోస్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు లేచే సెట్టింగుల్లోకి, వెళ్తాడు, వర్చువల్ మీడియా ఉంటే తన దగ్గరున్న ఐఎస్ఓని (బూట్ డిస్క్ ఫైల్) యూఎస్‌బీలాగా తగిలించి దాని నుంచి బూట్ చేస్తాడు, లైనక్స్ అయితే సింగిల్ యూజర్ మోడ్‌లోకి పోయి రూట్ పాస్‌వర్డ్ మారుస్తాడు. నీ ఫైర్‌వాల్ రూల్స్, యాంటీవైరస్, ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టుకున్న రెండో ఓటీపీ, ఇవన్నీ ఓఎస్ లేచాక పనిచేసేవి. వాడు వచ్చేది దానికంటే కింద నుంచి.

ఇంకో మాట, నీ 11 కన్సోళ్లూ ఒక్కొక్కటిగా తెరిచి చూడు. రూట్‌గానో అడ్మినిస్ట్రేటర్‌గానో లాగిన్ చేసి అలాగే వదిలేసినవి ఎన్ని ఉన్నాయో చెప్పు. గది తాళం మన దగ్గరే ఉందిగా అని వదిలేస్తాం. కేవీఎం బయటికి తెరిచి ఉంటే వాడికి సర్వర్ పాస్‌వర్డ్ అవసరమే లేదు, పోర్ట్ నంబర్ 4 మీద నొక్కితే చాలు.

పోర్ట్ నంబర్ మార్చడం వల్ల ఏమీ ఒరగదు. ఇంటర్నెట్ మొత్తాన్ని అన్ని పోర్టుల మీదా వెతికే యంత్రాలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. గట్టి పాస్‌వర్డ్ మంచిదే, కానీ 2014 ఫర్మ్‌వేర్‌లో లాగిన్ పేజీకే కన్నం ఉంటే పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ఒకటే. ఉదాహరణ చెబుతాను. హెచ్‌పీ సర్వర్లలో దూరం నుంచి నడపడానికి ఉండే ఐలో 4లో 2017లో ఒక లోపం బయటపడింది, లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2017-12542. వెబ్ రిక్వెస్ట్‌లో కనెక్షన్ అనే హెడర్ దగ్గర ఇంగ్లిష్ పెద్ద ఏ అక్షరాన్ని 29 సార్లు రాసి పంపితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చేది. 2.53 ఫర్మ్‌వేర్‌తో సరిచేశారు. ఆ మరుసటి ఏడాదే, బయటికి తెరిచి ఉన్న ఐలో 4 సర్వర్ల లాగిన్ పేజీల మీద డబ్బు కట్టమనే నోటీసులు కనిపించాయి. పాస్‌వర్డ్ బలం గురించి కాదు, ఆ పేజీ బయటివాడికి కనిపించడం గురించే నా బాధంతా.

ఆ సక్సెస్ ఎంట్రీలు ఎవరివో తేలనంత వరకూ ఎవరో వచ్చి వెళ్లారనే అనుకుని పని చెయ్యి. లాగ్ మొత్తం ముందు ఫైల్‌లోకి దించుకో, రౌటర్ లాగ్ ఉంటే అదీ దించుకో. కేవీఎం గడియారం తప్పైనా రౌటర్‌ది సరిగ్గా ఉండొచ్చు, రెండూ పక్కపక్కన పెడితే కొన్ని తేదీలు దొరుకుతాయి. పాతాయనకి ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు. సర్వర్లలో కొత్త యూజర్లు, షెడ్యూల్ పనులు, ఎస్ఎస్‌హెచ్ కీలు (పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అయ్యేవి) చూడు. ఈ మధ్య ఎవరూ చేయని రీబూట్ ఉందేమో ప్రతి సర్వర్‌లోనూ చూడు, కేవీఎం నుంచి వచ్చినవాడు రీబూట్ లేకుండా పెద్దగా చేయగలిగేది లాగిన్ చేసి వదిలేసిన కన్సోళ్లలోనే.

నిజంగానే ఎవరో వచ్చారని తేలితే మీ సార్‌కి ఒక విషయం చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి గమనించిన ఆరు గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలని, గడియారాలు ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్లతో కలిపి ఉంచాలని కూడా అందులోనే ఉంది. గడియారం సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ, నీ దగ్గర ఇప్పుడు ఆగిపోయింది దాని దగ్గరే కదా.

డాలస్_నైట్‌షిఫ్ట్:

వాణి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఒక చిన్న మాట కలుపుతాను. తెనాలి బ్రో, నీకు అసలు ఆ కేవీఎం అవసరమా? 11 సర్వర్లు అంటున్నావు, వాటిలో బ్రాండెడ్ సర్వర్లు ఉంటే దాదాపు ప్రతిదాంట్లోనూ బీఎంసీ ఉంటుంది, అంటే సర్వర్‌ని దూరం నుంచి నడపడానికి బోర్డు మీదే ఉండే విడి చిన్న కంప్యూటర్. డెల్‌లో ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐలో, సూపర్‌మైక్రోలో మామూలుగా ఐపీఎంఐ అనే పిలుస్తారు. వెనకవైపు విడిగా ఒక నెట్‌వర్క్ పోర్ట్ ఉంటుంది, స్పానర్ గుర్తో మేనేజ్‌మెంట్ అనే అక్షరాలో ఉంటాయి. సర్వర్ ఆగిపోయి ఉన్నా, ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, బీఎంసీ బతికే ఉంటుంది. ఆన్ చేయొచ్చు, ఎఫ్1 నొక్కొచ్చు. ఇదివరకటి వాటిలోనూ కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే చాలావరకు జావా లేకుండా బ్రౌజర్‌లోనే స్క్రీన్ వస్తుంది, కొన్నిటికి దానికోసం లైసెన్స్ కొనాలి.

రిమోట్ కన్సోల్ విలువేంటో నాకు 2024 జులై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం స్క్రీన్ మీద ఆగిపోయిన రోజు అది. మా టీమ్‌లో కొందరు ఇంట్లోంచే ఒక్కొక్క సర్వర్ కన్సోల్ తెరిచి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఒక్క ఫైల్ తీసేసి లేపుకుంటూ వచ్చాం. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉన్నవాటికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, మా కన్సోల్‌లో పేస్ట్ పనిచేయలేదు, ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టాం. కన్సోల్ లేని బ్రాంచిల్లో మాత్రం మనిషి కారేసుకుని వెళ్లాల్సి వచ్చింది. అందుకని బయటికి తెరవొద్దంటే రిమోట్ వద్దే వద్దు అనుకోకు. రిమోట్ కావాలి, దారి వేరేగా ఉండాలి.

బీఎంసీకి వెళ్తే అక్కడ కూడా తలనొప్పులున్నాయి, ముందే తెలుసుకో. ఐపీఎంఐ 2.0 అనేది నెట్‌వర్క్ మీద బీఎంసీతో మాట్లాడే 2004 నాటి ప్రోటోకాల్, యూడీపీ 623 పోర్ట్ మీద నడుస్తుంది. దాని లాగిన్ పద్ధతిలోనే ఒక లోపం ఉంది. నువ్వు యూజర్ పేరు చెప్పగానే, నువ్వెవరో తేలకముందే, బీఎంసీ ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో తయారుచేసిన హ్యాష్‌ని నీకు పంపేస్తుంది. దాన్ని ఇంటికి పట్టుకుపోయి తీరిగ్గా పాస్‌వర్డ్ వెతుక్కోవచ్చు. 2013లో సీవీఈ-2013-4786 అని నంబర్ వేశారు. ఇది ప్రోటోకాల్ డిజైన్‌లోనే ఉంది కాబట్టి ప్యాచ్ వేసి పోగొట్టేది కాదు. కాబట్టి నెట్‌వర్క్ మీద ఐపీఎంఐ వాడకపోతే దాన్ని ఆఫ్ చెయ్యి. వెబ్ పేజీ, ఎస్ఎస్‌హెచ్ దానితో సంబంధం లేకుండా పనిచేస్తాయి. వాడక తప్పదంటే పాస్‌వర్డ్ దాని గరిష్ఠం 20 అక్షరాలు నిండా పెట్టు, అది కూడా వేరే ఎక్కడా వాడనిది.

ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. 2025 మార్చిలో ఏఎంఐ మెగారాక్ అనే బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ లేకుండానే లోపలికి పోయే లోపం వచ్చింది, సీవీఈ-2024-54085, తీవ్రత పదికి పది. చాలా కంపెనీల బోర్డుల్లో ఆ సాఫ్ట్‌వేరే ఉంటుంది. జూన్‌కల్లా అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా దాన్ని దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. అదే సీసా 2023 జూన్‌లోనే అక్కడి ప్రభుత్వ ఆఫీసులకి ఒక ఆదేశం ఇచ్చింది, ఇలాంటి మేనేజ్‌మెంట్ పేజీ ఇంటర్నెట్‌కి కనపడితే 14 రోజుల్లో తీసేయాలి లేదా ముందు గట్టి కాపలా పెట్టాలి అని.

ఒకటి మాత్రం ఈరోజే చూడు. కొన్ని బోర్డుల్లో బీఎంసీ పోర్ట్ సెట్టింగ్ ఫెయిలోవర్ అని ఉంటుంది. ఆ విడి పోర్ట్‌లో కేబుల్ లేకపోతే బీఎంసీ తనంతట తానే సర్వర్ మామూలు నెట్‌వర్క్ పోర్ట్ మీదికి వచ్చి, అక్కడ డీహెచ్‌సీపీ అడిగి ఐపీ తీసుకుంటుంది. అంటే నువ్వు కేబుల్ పెట్టలేదు కాబట్టి బీఎంసీ లేదు అనుకుంటావు, అది మీ ఆఫీస్ నెట్‌వర్క్‌లో హాయిగా కూర్చుని ఉంటుంది. సెట్టింగ్‌ని డెడికేటెడ్‌కి మార్చాలి.

తెనాలి_సిస్టమ్స్:

పోర్ట్ ఫార్వర్డ్ తీసేశాను. అక్కా, డాలస్ అన్నా, ఇద్దరికీ థాంక్స్. మధ్యాహ్నం నుంచి కూర్చుని చూశాను.

కన్సోళ్లలో మూడు లాగిన్ చేసి వదిలేసి ఉన్నాయి. ఒకటి బ్యాకప్ సర్వర్, రూట్ ప్రాంప్ట్ మెరుస్తూ ఉంది. చూడగానే ఒళ్లు జలదరించింది. పాతాయనకి ఫోన్ చేశాను, మంచిగానే మాట్లాడారు, సక్సెస్ ఎంట్రీల్లో ఉన్న ఐపీలు చెబితే రెండు తన ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవే అన్నారు, మిగతా రెండు గుర్తులేవన్నారు. రౌటర్ లాగ్‌లో పన్నెండు రోజులే మిగిలి ఉంది, అందులో అవి లేవు. కాబట్టి వాణి అక్క చెప్పినట్టు వచ్చారనే అనుకుంటున్నాను. సార్‌కి రాసి ఇచ్చాను, సెర్ట్-ఇన్‌కి తెలియజేద్దాం అని ఆయనే అన్నారు. ఇప్పుడే మెయిల్ వెళ్లింది.

ఆ ఫెయిలోవర్ మాట నిజమే అన్నా. ఆఫీస్ నెట్‌వర్క్ అంతా వెతికితే మూడు బీఎంసీలు బయటపడ్డాయి. ఒకటైతే స్టాఫ్ వైఫై ఉన్న రేంజ్‌లోనే ఐపీ తీసుకుని ఉంది. రెండిటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే పనిచేసింది, స్టిక్కర్ కూడా చూడక్కర్లేదు, నెట్‌లో వెతికితే మొదటి లైనులోనే దొరికింది. ఈ ఏడు నెలల్లో మా వైఫై పాస్‌వర్డ్ ఎంతమంది డ్రైవర్లకి, ఆడిటర్లకి చెప్పామో లెక్కలేదు.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. బీఎంసీలన్నీ, కేవీఎం కలిపి వేరే వీల్యాన్‌లో (స్విచ్‌లోనే విడదీసిన వేరే నెట్‌వర్క్) పెడతాను. ఒక వర్చువల్ మెషీన్ (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) మీద వైర్‌గార్డ్ వీపీఎన్ (కీ ఉన్నవాళ్లే రాగలిగే రహస్య దారి) పెట్టి, దాని ద్వారానే ఇంటి నుంచి వస్తాను. సరేనా?

వైజాగ్_నెట్:

వీల్యాన్ సరే, వీపీఎన్ సరే, వర్చువల్ మెషీన్ మీద మాత్రం వద్దు బాబూ. ఆ రాత్రినే మళ్లీ ఒకసారి ఊహించుకో. కరెంటు పోయింది, వచ్చింది, ఈసారి ఎఫ్1 దగ్గర ఆగింది ఆ వర్చువల్ మెషీన్ ఉన్న సర్వరే అనుకో. దాన్ని లేపడానికి వీపీఎన్ కావాలి, వీపీఎన్ దాని లోపలే ఉంది. మళ్లీ బండి తీయాల్సిందే.

ఇది పెద్దపెద్ద వాళ్లకే జరిగింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరు గంటల పాటు పడిపోయినప్పుడు, మామూలు నెట్‌వర్క్‌తో పాటు అత్యవసరానికి వేరుగా ఉంచుకున్న దారి కూడా పోయిందని, ఇంజనీర్లని స్వయంగా డేటా సెంటర్లకి పంపాల్సి వచ్చిందని వాళ్లే రాశారు. మేనేజ్‌మెంట్ దారి అనేది తను కాపాడాల్సిన వస్తువు మీద ఏ రకంగానూ ఆధారపడకూడదు. కరెంటు, స్విచ్, ఇంటర్నెట్ లైను, డీఎన్ఎస్, లాగిన్ సర్వర్, ఒక్కోటీ పేరు పెట్టి అడుగుతూ పో, ఇది పోతే నేను లోపలికి రాగలనా అని. మీ దగ్గర లాగిన్‌లు యాక్టివ్ డైరెక్టరీతో (అందరి లాగిన్‌లూ ఒకే చోట చూసే విండోస్ ఏర్పాటు) అయితే, డైరెక్టరీ సర్వర్ పడిపోయిన రోజు బీఎంసీలోకి ఎలా వస్తావు? అందుకే ప్రతి పెట్టెలో ఒక లోకల్ అకౌంట్ ఉంచి, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్‌లో సీల్ వేసి సార్ బీరువాలో పెట్టించు.

వైర్‌గార్డ్ రౌటర్‌లోనే పెట్టు, మైక్రోటిక్ లాంటి వాటిలో రౌటర్ఓఎస్ 7 నుంచి అది ఉంది. లేదా ఒక చిన్న పాత మినీ పీసీ, లేదా రాస్ప్‌బెర్రీ పై తీసుకుని దానికే ఆ ఒక్క పని అప్పజెప్పు. వైర్‌గార్డ్‌లో నాకు నచ్చేది, కీ లేనివాడు తట్టితే అసలు జవాబే ఇవ్వదు. వెతికేవాడికి అక్కడ పోర్ట్ ఉందో లేదో కూడా తెలియదు.

మీ ఫైబర్ లైను కూడా కరెంటుతో పాటే పోతుంది కదా, అందుకని ఒక 4జీ సిమ్ రౌటర్ కూడా పెట్టు. మొబైల్ సిమ్‌లకి సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, బయటి నుంచి నువ్వు దాన్ని పిలవలేవు. కాబట్టి అదే బయటికి పిలవాలి. నెలకి కొద్ది వందల్లో వచ్చే ఒక చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకుని, మీ దగ్గరి పెట్టె దానికి వైర్‌గార్డ్‌తో కలిసేలా పెట్టి, ప్రతి 25 సెకన్లకి ఒక ప్యాకెట్ పంపేలా కీప్ అలైవ్ పెడితే దారి తెరిచే ఉంటుంది. ఆ వీపీఎస్ మీద ఇంకేమీ నడపకు. ఆ 4జీ రౌటర్, మేనేజ్‌మెంట్ స్విచ్, ఆ చిన్న పెట్టె, మూడూ కలిపి వేరే చిన్న యూపీఎస్ మీద పెట్టు. మూడూ కలిపినా ఒక సర్వర్ తినే కరెంటులో ఏ మూలకీ రావు, పెద్ద యూపీఎస్ దిగిపోయాక కూడా గంటలు గంటలు ఉంటాయి.

మేనేజ్‌మెంట్ వీల్యాన్ నుంచి బయటికి కూడా దారి మూసెయ్యి. బీఎంసీకి ఇంటర్నెట్‌తో పనేముంది? టైమ్ సర్వర్, లాగ్ సర్వర్, అంతే. ఒక బీఎంసీ నుంచి ఇంకో బీఎంసీకి కూడా మాట్లాడే అవసరం లేదు, స్విచ్‌లో పోర్ట్ ఐసొలేషన్ ఉంటే పెట్టు. ఆ స్విచ్ మేనేజ్‌మెంట్ పేజీని కూడా మర్చిపోకు. టెల్నెట్ ఆఫ్, ఎస్ఎన్ఎంపీలో (స్విచ్ స్థితి దూరం నుంచి చదివే పద్ధతి) పాస్‌వర్డ్‌లా వాడే పబ్లిక్ అనే పేరు తీసెయ్, వాడని పోర్టులు షట్‌డౌన్.

ర్యాక్‌రూమ్_వాణి:

వైజాగ్ గారి మాటకి నాదీ ఓటు. పాత కేవీఎం గురించి ఒక్క మాట. బీఎంసీ లేని సర్వర్లు నీ దగ్గర ఒకటో రెండో ఉంటాయి కదా, వాటికోసం దాన్ని ఉంచుకోవచ్చు, కానీ దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేసి ర్యాక్ దగ్గర వాడుకో, లోకల్ కీబోర్డ్ మానిటర్‌తో. ఆ విండోస్ 7 ల్యాప్‌టాప్‌ని కూడా ఆఫీస్ నెట్‌వర్క్ నుంచి తీసెయ్. 2020 జనవరితోనే దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి.

ఆ రెండిటికీ రిమోట్ కావాలంటే పైకేవీఎం లాంటి చిన్న పెట్టెలు వస్తున్నాయి, రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తాయి, బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటాయి. కొన్న వెంటనే వెబ్ పాస్‌వర్డ్, రూట్ పాస్‌వర్డ్ రెండూ మార్చాలి, చాలామంది మొదటిది మార్చి రెండోది మర్చిపోతారు. చవకగా దొరుకుతోంది కదా అని ఏదో ఒకటి తెప్పించుకోకు. నానోకేవీఎం అనే పెట్టెని 2025లో ఒకాయన విప్పి పరీక్షిస్తే, లోపలి బోర్డు మీద ఒక చిన్న మైక్ కూడా ఉన్నట్టు తేలింది. ఆ బోర్డు వేరే పనులకి కూడా అమ్మేది కాబట్టి దాని మీద మైక్ ఉంది, కానీ కేవీఎం కొన్నవాడికి ఆ సంగతి తెలియాలిగా. ఏది కొన్నా మేనేజ్‌మెంట్ వీల్యాన్ లోపలే, బయటికి దారి లేకుండా.

ఇంకా, మీ బ్యాకప్ సర్వర్ రూట్‌తో తెరిచి ఉంది అన్నావు. వచ్చినవాడు అది చూశాడో లేదో మనకి తెలియదు. ఆ సర్వర్‌ని నమ్మొద్దు. ఈ వారమే కొత్తగా వేసి, ముందు ఒక కాపీ బయటి డిస్క్ మీద తీసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టు.

డాలస్_నైట్‌షిఫ్ట్:

బీఎంసీ ఎప్పుడైనా వేలాడిపోతే భయపడకు, దాన్ని మాత్రమే రీసెట్ చేసే ఆప్షన్ ఉంటుంది, సర్వర్ ఆగదు, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ లేస్తుంది. ఫర్మ్‌వేర్ వేయడం కూడా చాలావాటిలో సర్వర్ నడుస్తుండగానే అవుతుంది, అయినా మొదటిసారి పగలు, నువ్వు పక్కన ఉన్నప్పుడే చెయ్యి.

అసలు సంగతి అడగడం మర్చిపోయాను, ఆ రైడ్ బ్యాటరీ మార్చావా? బయోస్‌లో ఎర్రర్ వస్తే ఎఫ్1 కోసం ఆగకుండా పోయే సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే ఆ రాత్రి ప్రయాణం తప్పేది. కానీ బ్యాటరీ లేకపోతే కార్డు రైట్ క్యాష్ (డిస్క్‌కి రాసేముందు డేటాని కాసేపు ఉంచే మెమరీ) ఆపేసి రాస్తుంది, డేటాబేస్ నెమ్మదిస్తుంది. ఎవరైనా బ్యాటరీ లేకున్నా క్యాష్ వాడమని బలవంతంగా పెట్టి ఉంటే ఇంకా ప్రమాదం, కరెంటు పోయినప్పుడు క్యాష్‌లో ఉన్న బిల్లులు గాల్లో కలిసిపోతాయి. కార్డు సెట్టింగ్ ఒకసారి చూడు.

తెనాలి_సిస్టమ్స్:

చూశాను అన్నా. బలవంతంగా పెట్టే ఉంది. ఇప్పుడే మామూలుకి మార్చాను, నెమ్మదించింది, ఫర్వాలేదు. ఆ రాత్రి వేళ కొట్టిన గేట్ పాసులన్నీ కాగితం రిజిస్టర్‌తో సరిచూడమని కౌంటర్‌లో అమ్మాయికి చెప్పాను. మూడు నంబర్లు తగ్గాయట, చేత్తో ఎక్కిస్తోంది.

బ్యాటరీ విజయవాడలో దొరికింది, రేపు సాయంత్రం వస్తుంది. 4జీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్‌కీ సార్ ఒప్పుకున్నారు. మేనేజ్‌మెంట్ స్విచ్‌కి స్టోర్ రూమ్‌లో పాత 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి దొరికింది, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, ఫ్యాక్టరీ రీసెట్ చేసి వాడతాను. ఆదివారం యార్డుకి సెలవు, ఆ రోజు బ్యాకప్ సర్వర్ కొత్తగా వేసి, కేబుళ్లన్నీ మార్చి, మెయిన్ యూపీఎస్ నేనే ఆపి, ఇంటికి వెళ్లి లోపలికి రాగలనో లేదో చూస్తాను. సోమవారం ఇక్కడే రాస్తాను.